పిడికిలి మీద చిటికెడు

మా మామ్మకి నీటిచుట్టం పట్టింది డెబ్బైల చివర, నేను రాజోలు హైస్కూలుకి నడిచి వెళ్లే రోజుల్లో. కాలవలో నానబెట్టిన కొబ్బరి డొక్కలు ఎత్తి, పీచు కొట్టి, తాడు పేనడం ఆవిడ పని. ఆ నీళ్లలోంచే కుడి మోచేతికి పచ్చగా, మెత్తగా, నాచులాంటిది అంటుకుంది. మా కాలవగట్టు ఊళ్లకి అది కొత్త కాదు. పట్టినచోట నొప్పి తీసేస్తుంది, మెల్లిగా ఆ చోటూ తీసేసుకుంటుంది.

"నొప్పులు పోయేయి కదా, ఉండనీ దాన్ని," అనేది మామ్మ. పొద్దున్నే అమ్మ బియ్యం కడిగిన నీళ్లు ఆ చేతిమీద పోస్తే తాగి నిగనిగలాడేది. మామ్మ మోచెయ్యి పట్టుకుని మూలక్కుండా తాడు పేనుతుంటే మేమూ మురిసిపోయాం. ఎంత మంచి రోజులవి! ఇప్పటికీ బియ్యం కడుగుతుంటే నాకు ఆ వంటిల్లే గుర్తొస్తుంది.

తర్వాత అది మెడ దాకా పాకింది. పులుసంటే ప్రాణం పెట్టే మనిషి పులుపు ముట్టడం మానేసింది. ప్రార్థనలో పాట మధ్యలో ఆపేసి వాన వాసన చూసేది. ఓ సాయంత్రం నన్ను చూసి, "ఎవరమ్మాయివే నువ్వు?" అంది. నాకు ఏడుపొచ్చింది. మా మామ్మని మింగేసి, మామ్మ చీరే కట్టుకుని కూర్చుందని దాని మీద ఒళ్లు మండిపోయింది.

మనిషి పూర్తిగా పోయి చుట్టమే మిగిలితే కాలవలో దింపేయడం మావైపు ఆచారం. "ఇంక అమ్మ లేదే. దింపేద్దాం," అన్నారు నాన్న తల దించుకుని.

"ఒక్కసారి పిడికిలి చూద్దామండీ," అంది అమ్మ.

మా ఇళ్లల్లో ఎసట్లో బియ్యం పోసేముందు చర్చి కోసం పిడికెడు తీసి కుండలో వేస్తారు. తాడు పేని పేని మామ్మ చిటికెనవేలు వంకరపోయింది, పిడికిట్లోంచి గింజలు జారేవి. దేవుడికి తక్కువ పెట్టకూడదని పైన ఇంకో చిటికెడు వేసేది.

అమ్మ బియ్యం చేట ముందు పెట్టింది. ఆ పచ్చటి చేతికి వేళ్లన్నీ తిన్నగా ఉన్నాయి, ఒక్క గింజ జారలేదు. పిడికెడూ కుండలో పోసి ఆగింది. రెండు వేళ్లు మళ్లీ చేటలోకొచ్చి చిటికెడు తీసుకున్నాయి.

"ఉన్నారండీ అత్తయ్యగారు," అంది అమ్మ. నాన్న కళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయారు.

అప్పట్నించీ వాళ్లమ్మ చిటికెడు వేసిందా అని నాన్న రోజూ వీధరుగు మీంచి అడిగేవారు, అమ్మ లోపల్నించి చెప్పేది. నేను అమలాపురం కాలేజీకి బస్సెక్కే దాకా అదే వరస. ఆ ఏడే ఓ వానపొద్దున ఆ చెయ్యి పిడికెడు పోసి, జల్లు కొడుతున్న గుమ్మం వైపు తిరిగిపోయింది. మళ్లీ చేటలోకి రాలేదు. అమ్మ చేట ఇంకాస్త దగ్గరికి జరిపి చూసింది. నేనూ పక్కనే ఉన్నాను.

"అమ్మ వేసిందా?" అన్నారు నాన్న అరుగు మీంచి.

అమ్మ తనే రెండు వేళ్లతో చిటికెడు తీసి కుండలో వేసింది.

"ఆయ్. వేసేరండీ."