విశ్రాంతి తీసుకున్న పెట్టెలు: ఏలూరు మీదుగా కొల్లేరు గట్టుకి

తాడేపల్లిగూడెంలో టిఫిన్ చేస్తుండగా మార్తమ్మ గారి ఫోను. "రెండు రోజులుగా తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ. మీ పెట్టెలు ఏరేటర్లు ఆలస్యంగా వేస్తున్నాయి. రేపూ ఇలాగే అయితే పంట పోయినట్టేనండీ" అన్నారు. కొల్లేరు పక్కన ఆవిడకి మూడు శీలావతి చేపల చెరువులున్నాయి. గట్టు మీది షెడ్డులో మూడు చిన్న కంప్యూటర్లు జట్టుగా పనిచేస్తూ, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతాయి. వాటిని పెట్టింది నేనే. ఇడ్లీ సగంలో వదిలేసి లేచాను.

ఎనిమిది దాటాక పాసింజరు దొరికితే, భీమడోలు మీదుగా గంటకల్లా ఏలూరు చేరవచ్చు. టికెట్టు కాఫీ ఖర్చుకి మించదు. అక్కణ్ణుంచి చెరువుల దాకా ఆటోకి నాలుగు వందలిచ్చాను. "ఏవండీ, మా బావ చెరువుకి కూడా ఆ పెట్టెలు పెట్టండి" అన్నాడు డ్రైవరు. మామూలు రోజైతే పొంగిపోయేవాణ్ణి. "ముందు ఉన్నవాటిని బాగుచెయ్యనివ్వండి బాబూ" అన్నాను.

షెడ్డులో కాపలాదారు నాగేశ్వరరావు గారు కుర్చీ వేశారు. ఏమైనా మార్చారా అని అడిగాను. "ఏమీ లేదండీ. ఎండ ముదిరిందని మొన్నటినుంచీ మధ్యాహ్నం ఓ గంట మెయిన్ ఆపి, పెట్టెలకి విశ్రాంతి ఇస్తున్నానండీ. మోటారుకైనా ఇస్తాం కదండీ" అన్నారు.

విషయం అర్థమైంది. తప్పు ఆయనది కాదు. ఆక్సిజన్ లీటరుకి మూడు మిల్లీగ్రాములకి పడేదాకా ఆగకుండా నాలుగు దగ్గరే ఏరేటర్లు వెయ్యమని కిందటి నెల మార్తమ్మ గారు అడిగితే, భోజనానికి పిలుస్తున్నారన్న తొందరలో, నడుస్తున్న కంటైనర్లోకి, అంటే పెట్టెలో ప్రోగ్రాము నడిచే అరలోకి, దూరి చేత్తో అంకె మార్చేశాను. ఈ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరూ మార్చలేనిది, కంటైనర్లూ అంతే: ఆపి మళ్ళీ వేస్తే మొదటి రూపానికే వస్తాయి, నేను పెట్టిన నాలుగు పోయి మళ్ళీ మూడే అవుతుంది. ఏ మార్పయినా అన్నిటికీ ఆదేశాలుండే ఒకే ఫైల్లో రాయాలి. నలుగురికీ పాఠం చెప్పే నేనే రాయలేదు, సిగ్గులేకపోతే సరి.

అక్కడే కూర్చుని ఫైల్లో నాలుగు అని రాశాను. మూడు పెట్టెలూ అందుకున్నాయి. "ఇప్పుడు మెయిన్ ఆపండి" అన్నాను. ఆయన అనుమానంగా చూసి ఆపారు. ఐదు నిమిషాల తర్వాత వేస్తే, మూడింటిలోనూ నాలుగే. ఆనందం పట్టలేక ఆయన్ని కౌగిలించుకున్నాను.

మర్నాడు ఆరింటికి మార్తమ్మ గారు ఫోన్ చేశారు. "ఏరేటర్లు ముందే తిరిగాయండీ. ఒక్క చేప కూడా పైకి రాలేదండీ" అన్నారు. నా కళ్ళు చెమర్చాయి. నాగేశ్వరరావు గారు పెట్టెలకి అలా విశ్రాంతి ఇవ్వకపోతే నా తొందరపాటు ఏ వానాకాలపు కరెంటు కోతలోనో, ఎవరూ చూడనప్పుడు బయటపడేది. ఇలాంటి పెట్టెలు పెట్టడానికి మీరూ వెళ్తుంటే ఒక్క మాట: గట్టు దిగేముందు యజమాని చేతే ఒకసారి ఆపించి, వేయించి చూడండి.