అమ్మమ్మ పేరు కోసం తొండుపల్లి దాకా

మా అమ్మకు కన్నతల్లి పేరు తెలియదు. చదివేవాళ్లకు వింతగా అనిపించవచ్చు గానీ, మా ఇంట్లో ఇది డెబ్బై ఏళ్ల పాత సంగతి. అమ్మ పుట్టిన పదోరోజో పన్నెండోరోజో అమ్మమ్మ పోయింది. తాత మళ్లీ పెళ్లి చేసుకుని, శంషాబాద్ పక్కనున్న ఊరు వదిలి షాద్‌నగర్ వెళ్లిపోయాడు. అమ్మకు ఎనిమిదేళ్లప్పుడు ఆయనా పోయాడు. పెంచిన తల్లి అమ్మను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంది. అందుకే ఆమె బతికున్నన్నాళ్లూ అమ్మ ఈ మాట అడగలేదు, అడిగితే ఆమె మనసు నొచ్చుకుంటుందని. రెండేళ్ల కిందట ఆమె కూడా పోయాక అమ్మకు ఒకటే దిగులు పట్టుకుంది. పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజున, మేము పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. ఆయన ఒక్కొక్కరి పేరూ అడుగుతాడు. పోయినేడు అమ్మ "మా కన్నతల్లి" అని ఆగిపోయింది. "పేరు చెప్పమ్మా" అన్నాడాయన. ఏం చెబుతుంది? ఆ రోజంతా అమ్మ అన్నం ముట్టలేదు.

అది చూడలేక నేను రంగంలోకి దిగాను. మొదట ఉమ్మి పంపే డీఎన్‌ఏ పరీక్ష. చిన్న గొట్టంలో ఉమ్మి నింపి పంపితే, వారాల తరబడి ఎదురుచూశాక రంగురంగుల పటం వచ్చింది. మీరు దక్షిణ భారతీయులు అని తేల్చింది. ఆ ముక్క మా గల్లీలో పాలుపోసే ఆయన కూడా చెబుతాడు! తర్వాత వంశవృక్షం గీసే యాప్. అందులో అమ్మ గడికి పైన ఇంకో గడి, లోపల "పేరు తెలియదు" అని. చివరికి తాత ట్రంకుపెట్టెలో దొరికిన ఉర్దూ పహాణీని, అంటే పాత భూమి కాగితాన్ని, ఫోటో తీసి కృత్రిమ మేధ యాప్‌కు ఇచ్చాను. అది గడగడా చదివేసింది. తాత పేరు, ఆయన తండ్రి పేరు, సర్వే నంబరు, అన్నీ చెప్పింది. ఆడమనిషి పేరు మాత్రం ఆ కాగితంలో ఒక్కటీ లేదు. ఆ నంబరును ఊరి పాత నక్షాతో, అంటే భూముల పటంతో, కలిపి ఉపగ్రహ పటం మీద పెడితే తొండుపల్లి దగ్గర ఒక నీలం చుక్క పడింది. ఆ చుక్కను నమ్ముకుని, పెత్రమాసకు వారం ముందు ఆదివారం బయల్దేరాను.

మాది ఉప్పల్. పొద్దున ఆరున్నరకు బస్సెక్కి, ఎల్బీనగర్‌లో ఒకటి, ఆరాంఘర్ చౌరస్తాలో ఒకటి మారి, శంషాబాద్‌లో దిగేసరికి తొమ్మిది దాటింది. ఆధార్ కార్డు చూపిస్తే మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం కాబట్టి జేబుకు నొప్పి లేదు. నడుముకు మాత్రం ఉంది. వారమంతా ఆఫీసులో అరిగిపోయి, దొరికిన ఒక్క ఆదివారం కూడా కమ్మీ పట్టుకుని వేలాడటం ఏ జన్మలో చేసుకున్న పాపమో! ఎయిర్‌పోర్టు బస్సుల్లో సుఖంగా కూర్చోవచ్చు గానీ వాటికి టికెట్టు కొనాలి, పైగా మనకు కావాల్సింది టెర్మినల్ కాదు. రోడ్డు పక్క బండి మీద ముప్పై రూపాయలకు ఇడ్లీ తిని, చల్లారిన టీ తాగి, ఆటో కోసం చూశాను.

ఆటో ఆయన రెండొందలు అడిగాడు, నూటయాభైకి ఒప్పుకున్నాడు. ఎక్కడికి పోవాలో చెప్పమంటే ఫోనులో నీలం చుక్క చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ జరిపి చూసి, "గిది ఎయిర్‌పోర్టు గోడ లోపట ఉన్నది గదా అక్కా. ఆడికి ఇమానంల పోవాలె గాని ఆటోల ఎట్ల పోతం?" అన్నాడు.

అయినా గోడ దాకా తీసుకెళ్లమన్నాను. ఇంతదూరం వచ్చి చూడకుండా పోతే మనసొప్పదు కదా. ముందురోజు వానకు రోడ్డు పక్కంతా బురద. ఎత్తైన గోడ, దానిమీద ముళ్లకంచె. నేను చెప్పులు చేతపట్టుకుని నిలబడి ఉండగానే ఒక విమానం తలమీద నుంచి దిగి గోడ అవతలికి వెళ్లిపోయింది. నా ఫోను మాత్రం ఇంకో ఆరువందల మీటర్లు నేరుగా నడవమంటోంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. అమ్మకు ఏ ముఖం పెట్టుకుని ఫోను చెయ్యాలో తెలియలేదు.

"గీ నంబర్లతోని ఏం జేస్తవ్ అక్కా" అన్నాడు ఆటో ఆయన, నా అవస్థ చూసి. "మీ తాత ఇంటిపేరు చెప్పు. మాది తొండుపల్లే, మా అమ్మను అడుగుత." చెప్పాను. ఆయన వాళ్లమ్మకు ఫోను చేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఆ ఇంటోళ్ల ముసలామె ఒకామె ఉన్నదంట, చంద్రమ్మ. నడువు పోదాం. ఆగినందుకు ఇంకో నూటయాభై ఇయ్యి, నేను పరేషాన్ జెయ్య" అన్నాడు. మూడొందలైంది మొత్తం. ఆరు నెలల యాప్ చందాల ముందు అదెంత?

చంద్రమ్మ మా తాతకు చిన్నాన్న కోడలు. అంటే అమ్మమ్మకు యారాలు, తోటికోడలు. తొంభైకి దగ్గర పడ్డా చూపు బాగానే ఉంది, అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను ఫలానా అని చెప్పగానే నా గడ్డం పట్టుకుని చూసి, పక్కన కూర్చోబెట్టుకుంది. మాటలను రాసిపెట్టే యాప్ ఆన్ చేసి ఫోను మధ్యలో పెట్టాను.

"అమ్మమ్మా, మా సొంత అమ్మమ్మ పేరేంటి?"

"గదెట్ల చెప్త బిడ్డా? ఆమె నాకన్న పెద్ద. అక్క అని పిలిచేదాన్ని. పెద్దోళ్ల పేరు నోటితోని అంటమా?"

"ఆమె పోయి డెబ్బై ఏళ్లయింది కదా!"

"పోతే ఏంది? పెద్దరికం గూడ పోతదా?"

నాకు ఒళ్లు మండింది. మూడు బస్సులు, ఒక ఆటో, ఇంత బురద, ఇదంతా ఈ మాట వినడానికా? కానీ అరిచే ఓపిక కూడా లేదు. పోయినేడు అయ్యగారి ముందు అమ్మ ఆగిపోయిన సంగతి, అన్నం తినకుండా పడుకున్న సంగతి చెప్పుకున్నాను. చంద్రమ్మ చేతిలో కాయలు పక్కన పెట్టింది.

"మీ అమ్మను ఏమని పిలుస్తరు ఇంట్ల?"

"చిన్ని అని."

"గది నాకెరికే. బడిల రాసిన పేరు చెప్పు."

"అండాలు."

"ఇగ ఇంకేం గావాలె నీకు?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే మెల్లగా చెప్పింది. "పిల్లకు పేరు పెట్టకముందే అక్క పాయె. ఇరవై ఒకటోనాడు తొట్లెల ఏసి, అక్క పేరునే మీ తాత పిల్లకు పెట్టిండు. మేం ఆడోళ్లం ఆ పేరు ఎట్ల పిలుస్తం? గందుకే చిన్ని అన్నం. ఎనుక లగ్గం చేస్కొని వచ్చినామె గూడ గంతే. పెద్దామె పేరు పెట్టి పిల్లను ఎట్ల తిడ్తది, ఎట్ల కొడ్తది?"

అది బడిలో సారు రాసిన పేరని అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ కాలంలో పిల్లల పేర్లు, పుట్టినరోజులు సార్లే తోచినట్టు రాసేవారు కాబట్టి మేమెవరం అనుమానించలేదు. అంగన్‌వాడీ ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఆ పేరుతోనే సంతకాలు పెట్టింది అమ్మ.

అక్కడి నుంచే అమ్మకు ఫోను చేసి చెప్పాను. "అయితే నా పేరు చెప్పి నేనే బియ్యమియ్యాల్నా? బతికున్నదాని పేరు మీద ఎవరన్న ఇస్తరా బిడ్డా?" అంది. ఆ వెంటనే ఏడుపు. ఫోను చంద్రమ్మకిచ్చాను. "చిన్నీ, నేను మీ చిన్నమ్మను. నిన్ను తొట్లెల ఊపిన" అందామె. ఇక నా ఫోను నాకు దొరికేసరికి గంట పట్టింది. ఆ గంటలో వాళ్లు నాకు అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టారు.

మూడింటికి శంషాబాద్‌లో బస్సెక్కాను. ఆరాంఘర్ దాకా నిలబడే ఉన్నాను, ఆ తర్వాత బస్సులో సీటు దొరికింది. కాళ్లు పీకుతున్నా ఆగలేక, వంశవృక్షంలో పేరు తెలియదన్న గడిలో అమ్మమ్మ పేరు కొట్టాను. యాప్ వెంటనే ఒక ప్రశ్న వేసింది. ఈ పేరుతో మీ ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు, ఇద్దరూ ఒకరేనా, కలపమంటారా? అని. "కాదు" నొక్కి కళ్లు మూసుకున్నాను.

యాప్‌లను తిట్టను. ఉర్దూ కాగితం చదివి నన్ను ఆ ఊరి దాకా తెచ్చింది అవే. కానీ అక్కడ మా ఆడవాళ్లు మర్యాదకు దాచిపెట్టుకున్నది ఏ కాగితం మీదా లేదు. మీరూ ఇలాంటి పనిమీద బయల్దేరుతుంటే నాది ఒక్కటే సలహా: బస్సెక్కే ముందు, ఇంట్లో ఎవరి పేరు ఎవరు పెట్టారో, ఏ పేరుతో ఎందుకు పిలవరో అడిగి రాసుకోండి. నాకు ఒక ఆదివారం మిగిలేది.

పెత్రమాస నాడు అమ్మ పొద్దున్నే స్నానం చేసి బియ్యం, కూరగాయలు సర్దుకుంది. అయ్యగారు తల్లి పేరు అడిగాడు.

"అండాలు" అంది అమ్మ.

ఆయన తలెత్తి చూశాడు. "అది మీ పేరు కదమ్మా?"

"మా అమ్మది అయ్యగారూ. ఇన్నేండ్లు నేను వాడుకున్న."