అమ్మ పళ్లెంలో ఉప్పు

గుండె జబ్బని మూడేళ్లుగా అమ్మకు ఉప్పు బాగా తగ్గించాను. ఊరగాయ జాడీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎంత బతిమాలినా కరగలేదు.

ఈ రోజు ఆసుపత్రిలో డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "ఇక పథ్యాలెందుకండీ, ఆమెకు ఇష్టమైంది పెట్టండి" అన్నారు. ఎక్కువ రోజులు లేవని అర్థమైంది. కుందలహళ్ళిలోని మా ఇంటికి రాగానే రాగిసంగటి చేసి, ఊరగాయ వేసి అమ్మ ముందు పెట్టాను. అమ్మ ఒక్క ముద్ద తిని మొహం చిట్లించింది.

"ఏమ్మా, బాగలేదా?"

"ఉప్పు శానా ఉండాదప్పా. నాకా చప్పిడి కూడే పెట్టు."

ఆ పళ్లెంలోది నేనే తిన్నాను. అమ్మను బతికించుకుంటున్నానని అనుకుంటూ ఆమె నాలుక రుచిని చంపేశాను. పథ్యం ఎప్పుడు ఆపాలో మీ ఇళ్లల్లో ఎవరు చెబుతున్నారు? మాకైతే ఆలస్యంగా చెప్పారు.