తెల్లగుర్రం లద్దె

మా షెడ్డులో నాలుగు గుర్రాలు, నలుగురు యజమానులు, నలభై అభిప్రాయాలు. ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో ఒక రేకుల షెడ్డునూ దాని వెనక ఎకరం గడ్డినేలనూ కలిసి అద్దెకు తీసుకున్నాం. బ్యాండు మేళం నడిపే ఆయనది తెల్లగుర్రం. పెళ్ళికొడుకులను మోయడం దాని ఉద్యోగం. చర్చి సంఘపెద్దది నల్లగుర్రం. పోర్టులో క్రేను నడిపే ఆయనది కుర్ర గుర్రం. నాది గోధుమరంగు ఆడగుర్రం, అప్పటికి ఏడు నెలల చూలు. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. నలభై దాటాక గుర్రమేమిటని మా చుట్టాలు నవ్వేవాళ్ళు. వాళ్ళ నవ్వుకు భయపడేదాన్నైతే ఇంట్లో టీవీ చూస్తూ కూర్చునేదాన్ని.

నాలుగూ ఒకే గడ్డి మేస్తాయి కాబట్టి ఒకదాని కడుపులోని నట్టలు, అంటే పేగుల్లోని పురుగులు, నాలుగింటికీ పాకుతాయి. అందుకని నట్టల మందు వేయడానికి ఒక రోజు ఖాయం చేసుకుందామని ఒక సాయంత్రం కూర్చున్నాం. సంఘపెద్ద ఆదివారం కుదరదన్నాడు. బ్యాండాయన మంగళవారం వద్దన్నాడు. ఆ మాటకొస్తే పెళ్ళిళ్ళుండని మూఢం వచ్చేదాకా ఏ వారమూ వద్దన్నాడు.

"మందేస్తే పారుకుంటాదక్కా. పైన పెళ్ళికొడుకు కూర్చోనుండంగా అది కానిచ్చిందనుకో, ఇంక నా మేళాన్ని ఎవురు పిలస్తారు?"

క్రేనాయనకు ఏ రోజైనా ఒకటే, ఎందుకంటే ఆయన గుర్రానికి నట్టలే లేవట. "మాది జాతి గుర్రం టీచరమ్మా" అన్నాడు. నట్టలు కులం అడిగి ఎక్కుతాయా అని నేనడిగాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. షెడ్డు ప్రశాంతంగా ఉండింది.

చివరికి పశువుల డాక్టరమ్మను పిలిచాం. చిన్న వయసు, మాటలో నాన్చుడు లేదు. ఊరికే అందరికీ మందు పోస్తూ పోతే కొన్నాళ్ళకు మందే పనిచేయదు, ముందు లద్దె పరీక్ష చేద్దాం, నట్టల గుడ్లు కనిపించిన గుర్రానికే మందు వేద్దాం అంది. ఎవరి గుర్రం లద్దె వాళ్ళు తెల్లవారే తాజాగా కవర్లో వేసి, మీద గుర్రం రంగు రాసి తెమ్మంది.

ఆమె స్కూటీ మలుపు తిరగ్గానే అసలు రభస మొదలైంది. ఎవరి గుర్రం ఎవరి గుర్రానికి అంటించింది? ఇంత మంది పెద్దమనుషులు లద్దె కోసం చొక్కాలు పట్టుకుంటారేమోనని నేను కల్పించుకుని నియమం పెట్టాను. నట్టలు బయటపడ్డ గుర్రాన్ని నయమయ్యేదాకా షెడ్డు బయట కట్టేయాలి. నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసి, క్వారంటైన్ గురించి పావుగంట పాఠం చెప్పి, ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాను. చెప్పొద్దూ, నాకు మహా గర్వంగా ఉండింది.

ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది. నా గుర్రానికి కడుపు ఉబ్బుగా ఉంది, పక్కటెముకలు తేలాయి, బొచ్చు కళ తప్పి ఎండుగడ్డిలా ఉంది. చూలుది కదా అని సరిపెట్టుకుంటున్నాను గానీ, అదే లక్షణాలు పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతాను. చూలుగుర్రాన్ని ఎండలో కట్టేయడమా? సరే, అదొక్కటే కాదు. "టీచరమ్మ గుర్రానికే పురుగులంట" అనే మాట చెవిలో ముందే వినపడింది. నిజానికి ఆ మాటే ఎక్కువ గుచ్చింది.

పరీక్ష రోజు అందరికంటే ముందుగా పోదామని ఐదున్నరకే షెడ్డుకు చేరాను. తెల్లగుర్రం నిగనిగలాడుతూ నిలబడి ఉంది. దాని వెనక లద్దె అప్పటికే సగం ఎవరో ఎత్తుకెళ్ళినట్టుంది. బ్యాండాయన తన వాటా తీసుకున్నాడు కాబోలనుకుని, మిగిలినదాంట్లోంచి గరిటెడు నా కవర్లో వేసుకుని, మీద 'గోధుమరంగు' అని రాశాను.

నాలుగు కవర్లలోనూ గుడ్లు లేవు. మందు అవసరం లేదు, మూడు నెలల తర్వాత చూద్దామని డాక్టరమ్మ ఫోను చేసింది. బ్యాండాయన కొబ్బరికాయ కొట్టాడు. సంఘపెద్ద స్తుతి ప్రార్థన చేశాడు. క్రేనాయన మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. నేను నాలుగు తిన్నాను.

మూడు వారాలకు నా గుర్రం పడుకుని లేవలేదు. కడుపు వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది, కాళ్ళు విదిలిస్తోంది, ఒళ్ళంతా చెమట. డాక్టరమ్మ పరుగున వచ్చింది. ముగ్గురూ చుట్టూ మూగారు.

"నట్టలు కాదు, రిపోర్టు ఉంది గదా. ఇసక నేల మీద మేత, కడుపులో ఇసక చేరుంటాది" అంటూ ఆమె దానికి తగిన మందు తీస్తోంది.

"ఇసకేనమ్మా, ఇసకే" అన్నాడు సంఘపెద్ద, మరీ తొందరగా.

గుర్రం నా చీరకొంగు మీదికి ఊపిరి విడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. "ఆ లద్దె దీనిది కాదు డాక్టరమ్మా. తెల్లదానిది" అన్నాను.

ఆమె చేతిలో సీసా ఆగింది. "మీరు సైన్సు టీచరు గదండీ?" అంది. తిట్టినా బాగుండేది. తర్వాత మిగిలినవాళ్ళ వైపు తిరిగి, "మీవి?" అనడిగింది. క్రేనాయన ఫోను తీసి చూసుకున్నాడు. సంఘపెద్ద రేకులు లెక్కపెట్టాడు. బ్యాండాయన ఒక్కడే, "నాది నాదేనమ్మా. తెల్లారి వచ్చేసరికి అంత కొంచెమే మిగిలుంటే, నా గుర్రానికి విరోచనం కాలేదేమోనని బయపడినా" అన్నాడు.

ఆ రోజు మంగళవారమో మూఢమో ఎవరూ అడగలేదు. నాలుగింటికీ మందు వేయడానికి ముందు ఆమె తొడుగు వేసుకుని తన చేత్తోనే లద్దె తీసుకుంది. నా గుర్రం లద్దెలో గుడ్లు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయట.

మర్నాడు మధ్యాహ్నానికి అది లేచి నీళ్ళు తాగింది. నాలుగో రోజు చూలు జారిపోయింది. ఆడపిల్ల. కాళ్ళు నాలుగూ అప్పటికే పొడుగ్గా ఉన్నాయి. గడ్డినేల అంచున గొయ్యి తవ్వింది క్రేనాయనే, అడక్కుండానే తవ్వాడు.

సంఘపెద్ద నా పక్కన నిలబడి గొంతు తగ్గించి, "దేవుని చిత్తం టీచరమ్మా. మనమేం చెయ్యగలం" అన్నాడు.

"ఆయన్ని దీంట్లోకి లాగొద్దన్నా" అన్నాను. "ఆ పొద్దున తెల్లదాని వెనక నువ్వున్నావు, నేనున్నాను."