కుంకుమ కింద రిజిస్ట్రేషన్ నంబరు

మా అంధుల సేవా సంఘం కార్యదర్శిగారు నరసరావుపేటలోని స్వగృహంలో కన్నుమూసి నేటికి నలభై రోజులు. ఇరవై రెండేళ్లు ఆ పదవిని ఆయన వదలలేదు. వదిలించగలిగినది గుండెపోటు ఒక్కటే. సహాయ కార్యదర్శిగా ఆయన పక్క కుర్చీలో కూర్చున్నందుకు ఈ నాలుగు మాటలు రాయడం నా విధి.

ఆయన నియమపాలన అసాధారణం. రోజూ పదిన్నరకు వచ్చి, చెప్పులు గడప బయట విడిచి, బీరువాలోని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కు దండం పెట్టుకునేవారు. ఏటా విజయదశమికి దాన్ని ఫ్రేములోంచి తీసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవారు. "అద్దానికి పెడితే అద్దానికే చెందుద్దయ్యా" అని నాకు బోధించారు.

నిరుడు ఒక కంపెనీ, పుస్తకాలను తెలుగులో చదివి వినిపించే సాఫ్ట్‌వేరును రిజిస్టరైన సేవాసంస్థలకు పదో వంతు ధరకే ఇస్తామంది. మా హాస్టల్లోని పిడుగురాళ్ల అమ్మాయి మస్తాన్‌బీకి అది అత్యవసరం. ఉద్యోగ పరీక్షకు వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. పుస్తకం చదివి వినిపించడానికి వార్డెన్‌కు ఎప్పుడో గాని తీరేది కాదు.

సర్టిఫికెట్ ఫోటో మూడుసార్లు పంపాను. నంబరు కనబడటం లేదని మూడుసార్లూ తిప్పికొట్టారు. ఇరవై రెండు దసరాల కుంకుమ దాని మీద పేరుకుంది. తడిగుడ్డ తెచ్చాను.

"ఏందయ్యా నువ్వు చేసేది? లక్ష్మీదేవి మొహం తుడుస్తావా?" అన్నారు ఆయన.

రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫికెట్ నకలుకు దరఖాస్తు చేద్దామన్నాను. దానితో కార్యవర్గం జాబితా, చివరి ఎన్నిక వివరాలు జతపరచాలి. ఆయన పదవిలోకి వచ్చాక ఎన్నిక అనే అపచారం మా సంఘంలో మళ్లీ జరగలేదు. కనుక ఆయన సంతకం పెట్టలేదు.

సంగతి తెలిసి మస్తాన్‌బీ గోడ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"పెదనాన్నా, నాకంటే కళ్లు లేవు. నీ బొట్ల పుణ్యమా అని కంపెనీవోళ్లక్కూడా కనపడకుండా పోయిందంట గదా!"

"నోరు చానా పెరిగిందే నీకు. వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోద్ది."

"సంఘానికి వయసు లేదమ్మా" అని ఆయన ప్రశాంతంగా సెలవిచ్చారు.

పరీక్ష జరిగింది. మస్తాన్‌బీ తప్పింది. మరుసటి వారమే ఆయన పోయారు. సంతాపసభలో రెండు నిమిషాలు మౌనం పాటించి, మూడో నిమిషంలో ఎన్నిక జరిపాము. నకలు వచ్చింది. కంపెనీ రెండు రోజుల్లో ఆమోదించింది. ఇంత సులువైన పనిని ఇంతకాలం ఆపడానికి ఎంతటి దీక్ష కావాలో అప్పుడు గ్రహించి, మనసులోనే ఆయనకు నమస్కరించాను.

సాఫ్ట్‌వేరు వచ్చి మూడు వారాలు. మస్తాన్‌బీ పగలంతా దాని ముందే కూర్చుని వింటోంది. నిన్న మధ్యాహ్నం తాను తప్పిన ప్రశ్నపత్రాన్నే పెట్టించుకుంది.

"ఇప్పుడెందుకమ్మా అది?" అన్నాను.

"ఉండు బాబాయ్, చదవనీ."

యంత్రం ప్రశ్న చదువుతోంది. అది ఆప్షన్లకు రాకముందే ఆమె జవాబు చెబుతోంది. నేను గుమ్మంలో నిలబడి జవాబుల కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. వేలు ఎక్కడా ఆగలేదు.