తూకం లేని రైలు

సముద్రం అడుగున గల్ఫ్ నుంచి ముంబైకి రైలు వేస్తారని మా జెద్దా కూలీల క్యాంపు గదిలో ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు. నాకు ఒళ్లు మండింది. అన్నీ బొమ్మలే, ఒక్క గంపెడు మట్టి కూడా తవ్వింది లేదు.

నా పక్కమంచం మేస్త్రి, జగిత్యాల మనిషి, నమ్మేశాడు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కఫీల్ దేశం దాటేందుకు ఎగ్జిట్ వీసా ఇస్తే ఇంటికి తీసుకెళ్లాలని కట్టుకున్న అట్టపెట్టెలో కంబళ్లు, పాలపొడి డబ్బాలు ఇంకా కుక్కుతూనే ఉన్నాడు.

"అన్నా, విమానంల గింత బరువు తీస్కపోనియ్యరే," అన్నాను.

"రైల్ల తూకమెవడేస్తడు తమ్మీ?" అని నవ్వాడు.

ఆ ఎండాకాలం పనిలోనే కూలిపోయి చనిపోయాడు. ఎగ్జిట్ ఆ తర్వాత వచ్చింది. అట్టపెట్టె మా గదిలోనే ఉండిపోయింది. ఎయిర్‌పోర్టు కార్గోలో ఆయన్ని పడుకోబెట్టిన పెట్టెను కాటా మీద పెట్టి తూచారు.