మంచం సంఘంలో మా భుజాలు

బీజాపూర్ అడవుల్లోని మా ఊరికి రోడ్డు లేదు. తర్రెం రోడ్డు ఎక్కాలంటే పొలం గట్ల మీదుగా, అడవిలోంచి, రెండు వాగులు దాటి నడవాలి. సైకిలు ఉన్నవాళ్ళు కూడా సగం దారి దాన్ని నడిపించుకుంటూనే పోతారు. జబ్బు మనిషిని మాత్రం మంచంలోనే మోయాలి. నులక మంచం నాలుగు మూలలకూ తాళ్ళు కట్టి, పొడవాటి వెదురు బొంగుకు వేలాడదీసి, ముందు ఇద్దరూ వెనక ఇద్దరూ భుజాన వేసుకుంటారు. వాళ్ళు అలిసిపోతే పక్కన నడిచే నలుగురు అందుకుంటారు. దారిలో పొరుగూరు వస్తే ఆ ఊరివాళ్ళు పొలిమేర దగ్గర ఎదురొచ్చి, తమ ఊరు దాటేదాకా మోస్తారు. చుట్టుపక్కల అన్ని ఊళ్ళకూ ఈ కట్టుబాటు ఉంది.

ఇందుకోసమే మా మగవాళ్ళు ఎప్పుడో ఒక సంఘం పెట్టుకున్నారు. అందరూ మంచం సంఘం అంటారు. బొంగు భుజాన ఉన్నంతసేపు మామా అల్లుళ్ళు కూడా ఒకరినొకరు అన్నా తమ్ముడూ అనే పిలుచుకోవాలి. చేరడానికి ఇంటికి ఒక భుజం ఇవ్వాలి. భుజం ఇచ్చిన ఇంటి మంచాన్ని సంఘం లేపుతుంది. నా పెనిమిటి బతికి ఉండగా మా ఇంటి భుజం ఆయనది. ఆయన జ్వరంతో పోయాడు. మాకు కొడుకులు లేరు. మా ఇంటికి భుజం లేకుండా పోయింది.

ఒక్కతే కూతురు. సుక్మా దగ్గరి ఊరికి ఇచ్చాం. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. చిన్నప్పుడు చెర్ల వైపు హాస్టల్లో ఉండి చదువుకున్నది కాబట్టి దానికి తెలుగు రాయడం వచ్చు. పని చేయనివ్వకపోతే తోచక, వాకిట్లో బూడిద పరిచి నాకు అక్షరాలు దిద్దించింది. యాభై దాటిన నా వేళ్ళు వంగక అది నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం నాకు ఒకటే దిగులు. మితానిన్, అంటే మా ఊళ్ళో గర్భిణులను చూసుకునే ఆడమనిషి, పొట్ట తడిమి చూసి బిడ్డ అడ్డంగా ఉందని చెప్పింది. నెలలు నిండకముందే ఆవపల్లికి తీసుకుపోయి ఆస్పత్రి దగ్గరే ఉండమంది. ముందుగా నొప్పులొస్తే ఒక్క పూట కూడా ఆగొద్దంది.

దాని నెలలు నిండేది మిరప కాలంలో. మిరపకాయలు ఏరడానికి వయసులో ఉన్న మగవాళ్ళందరూ ట్రాలీలెక్కి గోదావరి అవతలికి పోతారు. నా అల్లుడూ పోయేవాడే. అప్పుడు ఊళ్ళో మిగిలేది చిన్నపిల్లల తల్లులు, ముసలివాళ్ళు, మేకలు. సంఘంలో ఎంతమంది ఉన్నా బొంగు కింద నిలబడేవాడు ఉండడు. నాకు నిద్ర పట్టేది కాదు.

సంఘానికి పెద్ద మా బావగారు, నా పెనిమిటి అన్న. ఆయన ముందు నేనెప్పుడూ తలెత్తి మాట్లాడలేదు. ఆ ఏడు కోతలయ్యాక సంఘం కూర్చున్నప్పుడు వెళ్ళి, చూరు కింద నిలబడి అడిగాను.

"బావా, మా ఇంటి భుజం నేనిస్త. నన్ను కలుపుకోండ్రి."

"నీకు కష్టమొస్తే మేం చూస్తం గద అమ్మా. ఎవరు కాదన్నరు?"

"వయసోళ్ళంత మిరపకాయలకు పోయినంక ఎవరు చూస్తరు? మీరూ, మీ నొప్పి మోకాళ్ళూనా?"

కుర్రవాళ్ళు నవ్వారు. బావగారికి కోపం వచ్చింది. "ఆడోళ్ళు మంచం ఎత్తుడేంది? ఎవరన్న ఇంటే నవ్వుతరు."

నా వెనకే వచ్చిన పక్కింటి వదిన ఊరుకోలేదు. ఆమె నోటికి ఊరంతా జంకుతుంది. "నవ్వనీ. కట్టెల మోపు ఎత్తేది ఎవరు? ఇప్పపూల గంపలు ఎత్తేది ఎవరు? తాగి పడ్డనాడు నిన్ను సంత నుంచి ఇంటికి ఎత్తుకొచ్చింది నీ పెండ్లామే గద బాబాయ్. అప్పుడు ఎవడూ నవ్వలే!"

ఈసారి ముసలివాళ్ళు కూడా నవ్వారు. చివరికి బావగారు దిగొచ్చారు. "సరే, కలుపుతం. పేరుకే. ఎత్తేది మాత్రం మగోళ్ళే."

"ఎట్ల ఎత్తాల్నో ఒక్కపాలి చూపియ్యండ్రి బావా."

"ఆ పని పడదులే" అని ఆయన లేచి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఇంటింటికీ తిరిగాను. ఒక్క భుజంతో మంచం లేవదు. మంచాన పడ్డ అత్త ఉన్న కోడలు చేరింది. కొడుక్కి మూర్ఛలొచ్చే తల్లి చేరింది. మా వదిన నాకంటే ముందు తిరుగుతూ, "చేరకుంటే మీ మొగుళ్ళ గుట్టు చెప్త" అని బెదిరించి కొందరిని చేర్చింది. చూస్తుండగానే సంఘంలో మగవాళ్ళకు సరిసమానంగా ఆడవాళ్ళం అయ్యాం. రోజూ కూతురి పొట్ట వైపు చూడడం, మనుషుల భుజాల వైపు చూడడం, ఇదే నా పని అయిపోయింది.

వాగు అవతల ఒక ఇల్లుంది. వాళ్ళు చర్చి ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాక సంఘం ఆ ఇంటిని తీసేసింది. ఆ ఇంటి చెల్లె మా అందరిలోకీ బలమైన మనిషి. దాని దగ్గరికి కూడా వెళ్ళాను. అది చేటలో వడ్లు చెరుగుతోంది, చెయ్యి ఆపలేదు.

"మా మామకు పాము కరిచిననాడు మీ సంఘం రాలే. ఇప్పుడు మీ మంచానికి మా భుజం కావాల్నా అక్కా?"

"కావాలె" అన్నాను. "నా బిడ్డ కోసం కావాలె."

అది చేటలో మళ్ళీ వడ్లు పోసుకుంది. నేను తిరిగి వచ్చేశాను.

మగవాళ్ళు మిరపకాయలకు పోయాక, ఇప్పపూలు రాలే రోజుల్లో, అనుకున్నదానికంటే ముందే నొప్పులొచ్చాయి. పొద్దున్నే అందరూ చెట్ల కింద ఉన్నారు. బావగారు ఆవపల్లి సంతకు పోయి ఉన్నారు. నేను కేక వేస్తే వదిన గంప అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. ఒకమ్మాయి ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం గుట్టెక్కింది. అంబులెన్సు తర్రెం రోడ్డు మీదికి వచ్చి నిలబడుతుందని పైనుంచే అరిచింది. మిగతావాళ్ళు పూల బంకతో అంటుకుపోయిన చేతులతోనే వచ్చారు. తాళ్ళు కట్టాం. ముడి జారితే మళ్ళీ కట్టాం. ఎవరు ఎక్కడ నిలబడాలో తెలియక ఒకరినొకరు తోసుకున్నాం. బొంగు లేపబోతుంటే వాగు వైపు నుంచి ప్రార్థన ఇంటి చెల్లె వచ్చి, ముందు కొసన భుజం పెట్టింది. నేను వెనక కొసన నిలబడ్డాను. కూతురి తల నా వైపు ఉంది. దాని ముఖం నాకు కనిపిస్తూ ఉండాలని అలా నిలబడ్డాను.

నడిచాం. బొంగు ఎముకలో దిగబడుతోంది. పొట్టివాళ్ళమూ పొడుగువాళ్ళమూ కలిసిపోవడంతో మంచం ఊగిపోతోంది. ఊగినప్పుడల్లా నా బిడ్డ పళ్ళు బిగిస్తోంది. "అమ్మా, మెల్లగా" అని మొదట్లో అంది. తర్వాత అనడం మానేసింది.

పొరుగూరి పొలిమేర కనిపించేసరికి మా కాళ్ళు తేలిపోతున్నాయి. అక్కడ మనుషులు ఎదురొస్తారని చూశాం. కంచె దగ్గర ముసలివాళ్ళు, ఆడవాళ్ళు నిలబడే ఉన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. ముసలివాళ్ళు తలపాగాలు తీశారు. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

"పట్టుకోండ్రమ్మా!" అని అరిచాం. ఊపిరాడక మా గొంతులు ఏడుపులాగే వినిపించి ఉంటాయి. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేం వాళ్ళను దాటాక వెనక నీళ్ళు పోసిన చప్పుడైంది. తిరిగి చూశాను. ఒక ముసలామె కుండ వంచి, మేం నడిచిన బాటకు అడ్డంగా నీళ్ళు పోస్తోంది. శవం దాటిన బాట మీద అలా పోస్తారు. అప్పుడు తెలిసింది నాకు. బతికిన మనిషిని తల ముందుకు పెట్టి మోయాలి. కాళ్ళు ముందుకు పెట్టి మోసేది శవాన్ని. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతే. కానీ ఎత్తేటప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎప్పుడూ ఎత్తినవాళ్ళం కాదు.

"బతికే ఉంది! నా బిడ్డ బతికే ఉంది!" అని గొంతు చించుకున్నాను.

వాళ్ళు తలలు వంచుకున్నారు. ఏ తల్లి అనదు ఆ మాట? పాడె వెనక నడిచే ప్రతి తల్లీ అంటుంది. నేనూ ఎన్నోసార్లు విన్నాను, విని కళ్ళు తుడుచుకుని పక్కకు తప్పుకున్నాను.

"దించండ్రి, తిప్పుదాం" అంది వదిన. దించాం. నేను బిడ్డ చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచాను. అది కళ్ళు తెరవలేదు. మళ్ళీ పిలిచాను. కంచె దగ్గర ఏడుపు పెరిగింది. ఎందుకు పెరగదు? దింపుడు కళ్ళం అంటే ఇదే కదా. పాడెను దారిలో దించి, లేస్తుందేమోనన్న ఆశతో చెవిలో పేరు పిలుస్తారు. మేం చేసే ప్రతి పనీ చావు పనిలాగే ఉంది. నేను బిడ్డ తల దగ్గరి నుంచి లేవలేదు. ప్రార్థన ఇంటి చెల్లె వాళ్ళ వైపు పరుగెత్తింది. అది దగ్గరికి రాగానే వాళ్ళు వెనక్కి జరిగారు, మైల అంటుతుందని.

అప్పుడు నా బిడ్డకు నొప్పి వచ్చింది. అది అరిచిన అరుపు అడవిలో మోగింది. కంచె దగ్గర ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఒక తాత కర్ర వదిలేసి ఇంట్లోకి పారిపోయాడు. నీళ్ళు పోసిన ముసలామె కుండ పడేసి మా వైపు పరుగెత్తింది.

"ఓసి నా తల్లో! బతికిన పిల్లను గిట్ల తెస్తరానే! మీకెవరు నేర్పిన్రే!"

"ఎవరూ నేర్పలే అత్తా" అంది వదిన. ఆమెకు ఏడుపు ఆగలేదు.

మంచం తిప్పారు. ఆ ఊరి ఆడవాళ్ళు, ఇద్దరు ముసలివాళ్ళు, చివరికి పారిపోయిన తాత కూడా వచ్చి బొంగు అందుకున్నారు. నేను పక్కన నడిచాను. ఎంత సేపు పోగొట్టుకున్నామో నాకు తెలియదు. ఆ లెక్క ఇప్పటికీ నన్ను వదలదు. రోడ్డు మీద అంబులెన్సు ఉంది. ఆవపల్లిలో చూసి బీజాపూర్‌కు పంపారు. అక్కడ ఆపరేషన్ చేశారు. డాక్టరమ్మ బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, తల్లి దక్కిందని హిందీలో చెప్పింది. బిడ్డ సంగతి అడిగాను. నా చెయ్యి వదలకుండానే తల అడ్డంగా ఊపింది.

మగపిల్లవాడు. బట్టలో చుట్టి ఇచ్చారు. అల్లుడు గోదావరి అవతల నుంచి వచ్చి కూతురి దగ్గర కూర్చున్నాక, నేను వాడిని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. టికెట్ ఇచ్చేవాడు పిల్లవాడు నిద్రపోతున్నాడనుకుని, "కిటికీ మూయి అమ్మా, గాలి తగుల్తది" అన్నాడు. మూశాను.

తర్రెం రోడ్డు దగ్గర మా సంఘం ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. సంత నుంచి వచ్చిన బావగారు వాళ్ళ వెనక ఉన్నారు, తలెత్తలేదు. వాడిలో బరువేమీ లేదు. అయినా మా వదిన అందుకుంది, ఆమె చేతుల్లోంచి ప్రార్థన ఇంటి చెల్లె అందుకుంది. ఎవరూ వద్దనలేదు. పొరుగూరి పొలిమేరలో ఆ ముసలామె తన ఊరివాళ్ళను వెంటపెట్టుకుని ఎదురొచ్చి, వాడిని తీసుకుంది.

"మమ్మల్ని కూడ మీ దాంట్ల కలుపుకోండ్రి" అంది. "మా ఊళ్ళె పదిమందిమి ఉన్నం."

నేను తల ఊపాను. కలుపుకోమని అడిగినవాళ్ళను కాదనే ఓపిక నాకు లేదు. చేర్చుకున్న సంతోషమూ లేదు.

ఇప్పుడు మా సంఘం పెద్దది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు చేరుతూనే ఉన్నారు. చేరిన ప్రతివాళ్ళకూ బావగారు స్వయంగా బొంగు ఎత్తడం నేర్పిస్తున్నారు. ఖాళీ మంచంలో బియ్యం బస్తా పెట్టి వాగు దాకా మోయిస్తారు. వాగు అవతలి ఇంటిని మళ్ళీ కలిపారు. అందరూ వచ్చి నాతో, నీ వల్లనే అంటారు.

నా కూతురు సుక్మాలోనే గది తీసుకుని ఉంటోంది. మళ్ళీ నెల తప్పింది. మొన్న చూడడానికి వెళ్ళాను. ఈసారి సంఘంలో ఎంతమంది ఉన్నారో, ఎంత బాగా నేర్చుకున్నారో చెప్పబోయాను. అది చేటలోని బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"అమ్మా, ఆ రోజు నాకు అన్నీ వినబడ్డయి" అంది. "వాళ్ళు ఏడ్చుడు, నీళ్ళు పోసుడు. నువ్వు నా చెవుల పిలుసుడు. నేను సచ్చిపోయిననే అనుకున్న. సచ్చినోళ్ళు పలకొద్దు గద అని పలకలే. నొప్పొస్తే అరుపును గూడ ఆపుకున్న, ఆగినంతసేపు."

ఎంతసేపు ఆపుకున్నావని అడగడానికి నాకు నోరు రాలేదు.

"కాన్పుకు నేను రాను. నువ్వే ఇక్కడికి రా" అంది.

సరేనన్నాను. నెలలు ఎప్పుడు నిండుతాయని అడిగాను. మళ్ళీ మిరప కాలంలోనే అని చెప్పి, చేట నా వైపు జరిపింది.